ఇల్లు లేని చీమలు

ఈ పక్షం బల్లుల గురించి రాద్దామనుకున్నాను. చంద్రగిరి నుంచి వచ్చిన ఉత్తరం చదివాక బల్లులు గోడ మీదే ఉండిపోయాయి. మిగతా ఉత్తరాల్లోనూ చీమల ప్రశ్నలే ఏరి పెట్టుకున్నాను. బల్లి ప్రశ్న పంపిన పలమనేరు పాఠకుడు ఇంకో పదిహేను రోజులు ఓపిక పట్టాలి.

ప్రశ్న: మేడమ్, మా తమ్ముడు సరుకు ఓడలో పని చేస్తాడు. ఫాస్ఫేట్ ఎత్తుకోవడానికి వాళ్ళ ఓడ జావా దగ్గరున్న క్రిస్మస్ ద్వీపానికి వెళ్ళినప్పుడు అక్కడి 'ఎల్లో క్రేజీ యాంట్' (పసుపు పిచ్చి చీమ) ఫొటో తీసి పంపాడు. ఆ చీమలు లక్షల పీతల్ని చంపేశాయని కూడా చెప్పాడు. సరిగ్గా అలాంటివే మా పెరట్లో జామ చెట్టు మీద తిరుగుతున్నాయి. వాడు సెలవుకి ఇంటికొచ్చి వెళ్ళి నెల కూడా కాలేదు. వాడి పెట్టెలో వచ్చేశాయేమోనని ఇంట్లో ఒకటే టెన్షన్. మా అత్తగారు వాణ్ణి తిట్టని రోజు లేదు. ఫొటోలు పంపుతున్నాను. అసలు ఆ చీమ ఎలా ఉంటుందో చెప్పండి. (ఒక గృహిణి, చంద్రగిరి)

జవాబు: ముందు మీ తమ్ముణ్ణి తిట్టడం ఆపమని మీ అత్తగారికి చెప్పండమ్మా. మీరు పంపిన రెండు ఫొటోల్లో ఒకటి జామ ఆకు ఫొటో, చీమ అందులో మచ్చలా ఉంది. రెండోది బాగా వచ్చింది. చీమ అదే. శాస్త్రీయ నామం అనోప్లోలెపిస్ గ్రాసిలిపెస్. కానీ అది పెట్టెలో రాలేదు. మీ అత్తగారి ముత్తాత పుట్టక ముందు నుంచీ ఇటువైపు తిరుగుతూనే ఉంది.

అంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, కలివికోడి పేరు మీరు వినే ఉంటారు. ఇక లేదనుకున్నాక 1986లో కడప అడవుల్లో మళ్ళీ కనిపించిన పక్షి. దాన్ని మొదట గుర్తించిన థామస్ జెర్డన్ నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పని చేసిన డాక్టరు. లోకం ఆయన్ని పక్షుల మనిషిగానే గుర్తు పెట్టుకుంది గానీ, చీమల పిచ్చి కూడా తక్కువేం కాదు. 1851లో దక్షిణ భారతదేశంలోని చీమల జాబితా అచ్చు వేసినప్పుడు ఈ చీమకు 'ఫార్మికా లాంగిపెస్' అని పేరు పెట్టాడు. లాంగిపెస్ అంటే పొడుగు కాళ్ళది. ఆ పేరు అంతకు ముందే మరో చీమకు పెట్టేసి ఉండటంతో ఆయన పేరు చెల్లలేదు. 1857లో ఫ్రెడరిక్ స్మిత్ పెట్టిన 'గ్రాసిలిపెస్' నిలబడింది. అంటే సన్న కాళ్ళది. ఇద్దరి కళ్ళూ కాళ్ళ మీదే పడ్డాయి.

దీని అసలు పుట్టిల్లు ఆసియానా ఆఫ్రికానా అన్న వాదన ఇంకా తెగలేదు. క్రిస్మస్ ద్వీపం మాత్రం కాదు. 1915కీ 1934కీ మధ్య ఎప్పుడో మనుషుల సరుకుతో పాటే అక్కడికి చేరింది. కాబట్టి ఆ ద్వీపంలో అది కొత్త కాపురం, మన దగ్గర పాత కాపురం.

ఇక రూపం. పనిచీమ పొడవు నాలుగైదు మిల్లీమీటర్లు, బియ్యపు గింజ కంటే కాస్త పొట్టి. ఒళ్ళంతా పలచటి తేనె రంగు, పొట్ట దగ్గర కొంచెం ముదురు గోధుమ. తియ్యటిది కడుపు నిండా తాగి వచ్చినప్పుడు పొట్ట ఉబ్బి, దాని మీది పలకలు ఎడమై చారల చొక్కా తొడుక్కున్నట్టు ఉంటుంది. మీ ఫొటోలో ఉన్నది అలా తాగొచ్చిన చీమే. తల కోడిగుడ్డు ఆకారం, కళ్ళు ఉబ్బెత్తు. ఛాతీ ముందు భాగం సాగి మెడలా కనిపిస్తుంది. మీసాల్లో పదకొండు కణుపులు ఉంటాయి. మోచేయిలా వంగే చోటు దాకా ఉన్న మొదటి కణుపు ఒక్కటే తల పొడవును దాటిపోతుంది. నడుము దగ్గర నిటారుగా నిలబడిన ముడి ఒకటే ఉంటుంది. కాళ్ళ సంగతి జెర్డన్ చెప్పేశాడు. రాణి ముదురు రంగులో, పనిచీమకు ఇంచుమించు రెండింతల పొడవుతో ఉంటుంది. పనిచీమలు అన్నీ ఒకే సైజు. ఇది గుర్తు పెట్టుకోండి, కింది తరగతి వాళ్ళకు కూడా నేను ఇదే మొదట చెప్పేదాన్ని. ఒకే దారిలో పెద్దవీ చిన్నవీ కలిసి నడుస్తుంటే అది ఈ చీమ కాదు.

వంటింట్లో చక్కెర డబ్బా చుట్టూ గిరగిరా తిరిగే నల్ల చీమకూ కాళ్ళూ మీసాలూ పొడుగే. కానీ అది మూడు మిల్లీమీటర్లకు మించదు, రంగు మసి. తల నల్లగా, మిగతా ఒళ్ళు కనిపించీ కనిపించనట్టు తెల్లగా ఉండే చీమ ఇంకా చిన్నది. రెండూ ఇవి కావు.

ప్రశ్న: మా పెరట్లో పసుపు రంగు చీమలు విపరీతంగా ఉన్నాయి. పుట్ట తవ్వి మందు పోద్దామని మూడు రోజులు వెతికాను. పుట్ట ఎక్కడుందో అంతు చిక్కలేదు. ఎక్కడ పెడతాయి? (రిటైర్డ్ ఉద్యోగి, తిరుపతి)

జవాబు: అంతు చిక్కదు సార్. లేనిది ఎలా చిక్కుతుంది?

చీమ అనగానే మనకు పుట్ట గుర్తొస్తుంది. తిరుపతి వాళ్ళకు మరీను. స్వామి పుట్టలో ఉంటే ఆవు వచ్చి పాలు ధారపోసిన కథ వినని పిల్లలు ఈ ఊళ్ళో ఉండరు. చీమలు పెట్టిన పుట్టల్లో పాములు చేరతాయని సామెత కూడా ఉంది. జువాలజీ పాఠం చెప్పిన ముప్పై ఒక్క ఏళ్ళూ నేను ఆ సామెతతో పోట్లాడుతూనే ఉన్నాను. ఆ ఎత్తయిన మట్టి పుట్టలు కట్టేవి చెదపురుగులు. చెదపురుగు బొద్దింకకు చుట్టం, చీమ కందిరీగకు చుట్టం. కష్టం చెదలది, పేరు చీమలది. సామెత మీద నేను ఏనాడూ గెలవలేదనుకోండి.

మీ పసుపు చీమ కూడా పైన చెప్పిన చంద్రగిరి చీమే. అది పుట్టా పెట్టదు, గూడూ అల్లదు. ఈ సంగతి నాకు పుస్తకం చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో చిత్తూరు నుంచి బి.ఎస్సీ. పిల్లల్ని దామలచెరువు దగ్గర ఒక మామిడి తోటకు తీసుకెళ్ళాను. కొమ్మ మీద పసుపు చీమలు వరసగా పోతుంటే, "ఇవి ఆకులు కుట్టి గూడు కట్టే చీమలు, ఇంకా ముదరలేదు కాబట్టి రంగు తక్కువ" అని పాఠం మొదలుపెట్టాను. ఇరవై మంది నోట్సు రాసుకుంటున్నారు. తోట కాపలా తాత వెనక నిలబడి అంతా విన్నాడు. విని, "అవి ఆకు కుట్టేవి కాదు కదమ్మా. ఇవి ఇల్లు లేని జాతి. కొమ్మ మీద ఒక దెబ్బ కొట్టి చూడు, తెలస్తాది" అన్నాడు. కొట్టాను. ఆకులు కుట్టే ఎర్ర చీమలైతే పొట్ట పైకెత్తి, దవడలు తెరిచి మీదికి వస్తాయి. ఇవి చెల్లాచెదురై తలో దిక్కుకూ పరిగెత్తాయి. ముదరకపోవడం అనేది చీమల్లో ఉండదని, పెద్దదై బయటికొచ్చిన చీమ ఇక పెరగదని నాకు తెలుసు. తెలిసి కూడా అన్నాను చూడండి! పిల్లల చేత ఆ పేజీ కొట్టేయించాను. తాత మాట మాత్రం నా నోట్సులో రాసుకున్నాను.

ఇల్లు లేని జాతి. సందు ఎక్కడుంటే అక్కడ దూరుతుంది. రాయి కింద, రాలిన ఆకుల కింద, చెట్టు మొదట్లో వేళ్ళ మధ్య, వెదురు బొంగులో, పుచ్చిన కొమ్మలో, కొబ్బరి మట్టల సందున. అడవుల్లో అయితే చెట్టు మీద పెరిగే బదనికల్లాంటి మొక్కల మొదళ్ళలో కూడా. క్రిస్మస్ ద్వీపంలో పీతలు తవ్వుకున్న బొరియలు ఉన్నాయి కాబట్టి వాటిలో. ఆ పీతల్ని చంపి మరీ.

పోయిన ఆషాఢంలో మా పెరట్లో లెక్క పెట్టాను. ఆరు సెంట్ల స్థలం, ఏడు చోట్ల దొరికాయి. బట్టలుతికే బండ కింద ఒకటి. దండెం కట్టిన వెదురు బొంగులో ఒకటి. కొబ్బరి చిప్పల కుప్పలో రెండు. మల్లె కుండీ అడుగు కన్నంలో ఒకటి. పాత పెంకుల దొంతరలో ఒకటి. ఏడోది బయట పెట్టిన మోటారు స్విచ్చు పెట్టెలో. అది చూసి మావారు నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను. బండ ఎత్తగానే లోపల తెల్లటి గుడ్లు, పురుగులు, గోధుమ రంగు గూళ్ళలో ఉన్న ప్యూపాలు కుప్పలుగా ఉన్నాయి, మధ్యలో నాకు కనిపించినంతలో పదకొండు రాణులు. అరగంటలో పిల్లల్ని నోట కరుచుకుని మొత్తం మకాం ఎత్తేశాయి. మరునాడు చూస్తే పూలకుండీ పళ్ళెం కింద ఉన్నాయి. కట్టుకున్నది ఏమీ లేదు కాబట్టి వదిలి పోవడానికి వాటికి బాధ లేదు.

మామూలుగా చాలా చీమల్లో గూటికి ఒక రాణి. రెక్కలొచ్చిన కొత్త రాణి ఎగిరిపోయి, ఒంటరిగా ఎక్కడో మొదలుపెడుతుంది. చాలా మటుకు చచ్చిపోతుంది. ఈ పసుపు చీమల్లో ఒక్కో చోట పదులు, ఒక్కోసారి వందల రాణులు ఉంటాయి. కొత్త రాణి గూట్లోనే జతకట్టి, కొంతమంది పనిచీమల్ని వెంటేసుకుని నడిచే పక్క సందుకు వెళ్ళి వేరు కాపురం పెడుతుంది. వేరు పడినా రాకపోకలు మానవు, తగవులు పడవు. అందుకే మీ పెరట్లో ఉన్నది పది గూళ్ళు అనుకోకండి, పది గదుల ఒకటే ఇల్లు అనుకోండి. గది ఒకటి తవ్వి మందు పోస్తే మిగతా తొమ్మిదీ అలాగే ఉంటాయి. పైగా మీరు పోసిన మందు మీ బావిలోకి దిగుతుంది.

అయినా చేయాలంటారా? ముందు చెట్టు చూడండి. పిండినల్లి, పొలుసు పురుగు పట్టిన కొమ్మలు కత్తిరించండి. అవి కార్చే తియ్యటి బంకే ఈ చీమలకు ముఖ్యమైన తిండి. తర్వాత పెరట్లో పడేసిన పెంకులు, చిప్పలు, కర్రలు తీసేయండి. అప్పటికీ ఎక్కువుంటే వంద మిల్లీలీటర్ల చక్కెర నీళ్ళలో ఒక గ్రాము బోరిక్ పౌడర్ కలిపి, దూదిలో ముంచి, పిల్లలకూ కుక్కలకూ అందని చోట చీమల దారిలో పెట్టండి. ఎక్కువ కలిపితే త్వరగా చస్తాయి కదా అనుకోకండి. దారిలోనే చచ్చే చీమ లోపలున్న రాణికి ఏం మోసుకెళ్తుంది?

ప్రశ్న: పిచ్చి చీమ అని ఎందుకు అంటారు? (ఇంటర్ విద్యార్థి, పుత్తూరు)

జవాబు: కదిలిస్తే దారీ తెన్నూ లేకుండా పరిగెత్తుతుంది కాబట్టి. కాళ్ళు అంత పొడుగైతే ఎవరి నడకైనా అలాగే ఉంటుంది. తన దారిన తనను పోనిస్తే మాత్రం బారులు తీరి బుద్ధిగానే నడుస్తుంది.

ప్రశ్న: ఈ చీమకు కొండి లేదని చదివాను. కుట్టని చీమ అరచేయంత పీతను ఎలా చంపుతుంది? ఆ ద్వీపంలో అసలేం జరిగింది? (ఒక ఉపాధ్యాయురాలు, పలమనేరు)

జవాబు: కొండి లేకపోయినా పొట్ట చివర చిన్న కన్నం ఉంటుంది. అందులోంచి ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతుంది. ఒక చీమ చిమ్మితే పీతకు లెక్క లేదు. వేలు చిమ్మితే కళ్ళూ నోటి భాగాలూ దెబ్బ తిని, గుడ్డిదై, కదల్లేక, ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది.

క్రిస్మస్ ద్వీపం జావాకు దక్షిణంగా సుమారు 350 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆస్ట్రేలియా పాలనలోని 135 చదరపు కిలోమీటర్ల చిన్న నేల. 1643లో క్రిస్మస్ రోజున ఒక ఇంగ్లిష్ ఓడ కెప్టెన్ అటుగా పోతూ పెట్టిన పేరు. ఆ అడవి ఎర్ర పీతలది. కోట్ల సంఖ్యలో ఉంటాయి. వానలు మొదలయ్యాక, సాధారణంగా అక్టోబరు, నవంబరుల్లో, గుడ్లు పెట్టడానికి అడవి నుంచి సముద్రానికి నడుస్తాయి. రోడ్లు మూసేస్తారు, పీతల కోసం వంతెనలు కూడా కట్టారు. మిగతా ఏడాదంతా అడవి నేల మీద రాలిన ఆకులూ మొలకలూ తింటూ, ఊడ్చిన వాకిలిలా ఉంచుతాయి.

పసుపు చీమ అక్కడ చాలా దశాబ్దాలు అణిగిమణిగి ఉంది. 1989లో మొదటిసారి మహా సమూహం కనిపించింది. 2002 నాటికి సుమారు 2,500 హెక్టార్లు, మన లెక్కలో ఆరు వేల ఎకరాలకు పైగా అడవిని ఆక్రమించింది. కొన్ని చోట్ల చదరపు మీటరు నేలకు రెండు వేలకు పైగా చీమలు లెక్కకు వచ్చాయి. అక్కడ నులక మంచం ఒకటి వాల్చారనుకోండి, దాని నీడలో మూడు వేల పైచిలుకు.

అంత మందకు తిండి ఎక్కడిది? మామిడి రైతులకు చెప్పక్కర్లేదు, తేనెమంచు. అక్కడ అది కార్చేది మన లక్క పురుగుకు దాయాది అయిన ఒక పొలుసు పురుగు. అది కూడా బయటి నుంచి వచ్చిందే. చీమలు దాన్ని శత్రువుల నుంచి కాపాడతాయి, అది చీమలకు తీపి పెడుతుంది. ఆ తీపి ఆకుల మీద పడి మసి తెగులు పట్టి పెద్ద చెట్లు కూడా ఎండుముఖం పట్టాయి. కింద పీతలు పోయాయి కాబట్టి ఊడ్చేవాళ్ళు లేక ఆకులు మేట వేశాయి, మొలకలు పొదలయ్యాయి, ఆఫ్రికా నత్తలు లోపలికి జొరబడ్డాయి. చనిపోయిన పీతలు కోటి నుంచి కోటిన్నర ఉంటాయని అంచనా. మీ చంద్రగిరి సోదరి తమ్ముడు లక్షలని తగ్గించే చెప్పాడు. నన్ను ఇంకా కలవరపెట్టేది ఏమిటంటే, చీమలు లేని అడవి భాగాల్లో కూడా పీతలు మాయమయ్యాయి. సముద్రానికి నడిచే దారిలో చీమల ప్రాంతం అడ్డొచ్చి, వెళ్ళినవి తిరిగి రాలేదు.

2002, 2009, 2012లలో హెలికాప్టర్ల నుంచి ఫిప్రోనిల్ కలిపిన ఎర చల్లారు. మన మిరప రైతులకు బాగా తెలిసిన మందే. తగ్గాయి, మళ్ళీ పెరిగాయి. చివరికి తిండి మీద దెబ్బ కొట్టాలని ఆలోచించి, ఆ పొలుసు పురుగు ఒంట్లో గుడ్లు పెట్టి దాన్ని చంపే రెండు మిల్లీమీటర్ల కందిరీగను మలేషియా నుంచి తెచ్చి 2016 డిసెంబరులో వదిలారు. పిండినల్లి తీయండి, చీమ తగ్గుతుంది అని పైన తిరుపతి సార్‌కు చెప్పింది ఇదే లెక్క.

పూర్తిగా తుడిచిపెట్టిన చోటు కూడా ఉంది. పసిఫిక్ సముద్రంలోని జాన్‌స్టన్ అటోల్ అనే దిబ్బ మీద నేల మీదే గూడు పెట్టే సముద్ర పక్షుల కళ్ళను ఈ చీమలు పాడు చేస్తున్నాయని 2010లో గమనించారు. వంతుల వారీగా గుడారాల్లో ఉంటూ పని చేశారు. చీమ ఒక్కటి కూడా లేదని 2021లో ప్రకటించగలిగారు. అది చిన్న దిబ్బ కాబట్టి సరిపోయింది.

మన దగ్గర? అన్ని చోట్లా ఇది అంత రెచ్చిపోలేదు. ఇక్కడ దానికి పోటీ చీమలు చాలా ఉన్నాయి. అలాగని నిద్రపోయే పని కూడా లేదు. 2022లో తమిళనాడు దిండుక్కల్ జిల్లా కరంతమలై అడవి చుట్టుపక్కల పల్లెల్లో ఇవే చీమలు పశువుల కళ్ళలో పడుతున్నాయని, మందలు తోలుకుని అడవిలో ఉండలేకపోతున్నామని కాపర్లు మొత్తుకున్నారు. ఎవరి కంట్లోనైనా ఆ ఆమ్లం పడితే నలపకుండా మంచి నీళ్ళతో చాలాసేపు కడిగి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ప్రశ్న: తోతాపురి తోట ఉంది మేడమ్. కాయ కోతకు వచ్చే టైముకు ఆకుల గూళ్ళ ఎర్ర చీమలతో కూలీలు చెట్టు ఎక్కేది లేదంటున్నారు. గూళ్ళు కాల్చేయమంటారా? (రైతు, పాకాల మండలం)

జవాబు: కాల్చకండి. ఆ గూడు ఎలా కడతాయో ఒక్కసారి నిలబడి చూసి ఉంటే మీకే మనసు రాదు. కొన్ని చీమలు ఒకదాని నడుము ఒకటి పట్టుకుని గొలుసులా ఏర్పడి రెండు ఆకుల్ని దగ్గరికి లాగుతాయి. ఇంకొన్ని తమ పురుగు పిల్లల్ని దవడల్లో పట్టుకొచ్చి, మగ్గం మీద నాడెలా ఇటూ అటూ ఆడిస్తే, ఆ పిల్లల నోట్లోంచి వచ్చే పట్టుతో ఆకులు అతుక్కుంటాయి. మీ పక్కనే నగరి నేతగాళ్ళున్నారు, అడగండి, ఆ పని ఎంత కష్టమో. చైనా వాళ్ళు నారింజ తోటల్లో పురుగుల్ని తినడానికి ఈ చీమల గూళ్ళు కొనుక్కొచ్చి కట్టేవాళ్ళని పదిహేడు వందల ఏళ్ళ కిందటి రాతలే ఉన్నాయి. తేనెమంచు కార్చే కొన్ని పురుగుల్ని ఇవి కూడా కాస్తాయి, కాదనను. అయినా మీ చెట్టు మీద వేటాడే పని వీటిదే ఎక్కువ.

కోతకు ముందు గూళ్ళున్న కొమ్మల్ని సాయంత్రం చల్లబడ్డాక కోసి కంచె చెట్ల మీద పెట్టించండి. కూలీలు ఒప్పుకోకపోతే, ఒడిశాలో మయూర్‌భంజ్ వాళ్ళు ఈ చీమలతో చేసే పచ్చడికి 2024లో భౌగోళిక గుర్తింపు (జిఐ) వచ్చిందని చెప్పి చూడండి. మా వీధిలో చెబితే ఎవరూ నవ్వలేదు.

ప్రశ్న: చీమల్లో మగవి ఫలదీకరణ జరగని గుడ్ల నుంచి పుడతాయని మా పుస్తకంలో ఉంది. పసుపు చీమ విషయంలో అది తప్పని మా సీనియర్ అంటున్నాడు. పరీక్షలో ఏం రాయాలి? (డిగ్రీ విద్యార్థిని, తిరుపతి)

జవాబు: పరీక్షలో పుస్తకంలో ఉన్నదే రాయమ్మా, మార్కులు పోగొట్టుకోకు. నిజం మాత్రం మీ సీనియర్‌ది.

2023లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. ఈ జాతిలో ఆర్, డబ్ల్యూ అని రెండు వంశాలున్నాయి. రాణి గుడ్డు ఎప్పుడూ ఆర్. దానికి ఆర్ శుక్రకణం కలిస్తే రాణి పుడుతుంది. డబ్ల్యూ శుక్రకణం కలిసి రెండు కేంద్రకాలూ ఒకటైతే పనిచీమ. డబ్ల్యూ లోపలికి వెళ్ళాక కూడా రెండూ కలవకుండా వేటికవి విభజన చెందుతూ పోతే మగ చీమ. అంటే మగ చీమ ఒంట్లో కొన్ని కణాలు తల్లి వంశానివి, కొన్ని తండ్రి వంశానివి, బొంతలో గుడ్డ ముక్కల్లా ఉంటాయి. అర్ధనారీశ్వరుడు అనుకునేవు, కాదు, ముక్కలన్నీ మగవే. ఇలా బతికే జంతువు ఇంకొకటి నాకు తెలిసినంతలో లేదు. మీ పుస్తకం రాసినవాళ్ళ తప్పేమీ లేదు, చీమే చెప్పకుండా దాచింది.

ప్రశ్న: టీచర్, ద్వీపాల్లో చీమలు ఇల్లు కట్టుకోవా? (7వ తరగతి, శ్రీకాళహస్తి)

జవాబు: మీ ఊళ్ళో సాలీడుకీ పాముకీ ఏనుగుకీ గుళ్ళో చోటు దొరికింది, చీమకు దొరకలేదని నాకు చిన్నప్పటి నుంచీ కోపం. అందుకని నీ ప్రశ్నకు పెద్ద జవాబే ఇస్తాను.

ఫిజీ అని పసిఫిక్ సముద్రంలో ద్వీపాలున్నాయి. 1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవు నుంచి మనవైపు జనం చెరకు తోటల పనికి అక్కడికి ఓడల్లో వెళ్ళారు. అక్కడ ఫిలిడ్రిస్ నాగసావు అనే చిన్న చీమ ఉంది. దాని పేరులోని నాగసావు అక్కడి టవేయుని ద్వీపంలో ఒక ఊరు. ఆ చీమ ఇల్లు కట్టదు, నాటుతుంది. అవును, మనం చెట్టు నాటినట్టే.

స్క్వామెల్లేరియా అనే మొక్కలు నేల మీద కాకుండా పెద్ద చెట్ల కొమ్మల మీద పెరుగుతాయి. వాటి మొదలు గుమ్మడికాయలా ఉబ్బి, లోపల గదులూ దారులూ ఉంటాయి. చీమలు ఈ మొక్కల విత్తనాల్ని కోసుకొచ్చి చెట్టు బెరడు పగుళ్ళలో పెడతాయి. మొలకెత్తే దాకా కాపలా కాస్తాయి. మొలక చిటికెన వేలంత ఉన్నప్పుడే దాని మొదట్లో చిన్న బోలు ఏర్పడుతుంది. అది పెద్దదయ్యాక చీమలకు అదే ఇల్లు. ఆరు రకాల మొక్కల్ని ఇలా సాగు చేస్తాయి. ముప్పై లక్షల ఏళ్ళుగా ఈ వ్యవసాయం నడుస్తోందని 2016లో శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. ఆ చీమ ఇంకెక్కడా గూడు పెట్టలేదు, ఆ మొక్కను ఆ చీమ తప్ప నాటేవాళ్ళు లేరు.

నీ ఉత్తరం చివర్లో "చీమలు బాత్రూమ్‌కి వెళ్తాయా" అని రాసి, మళ్ళీ కొట్టేశావు. కొట్టేసినా కనిపించింది. ఎందుకు కొట్టేశావు? కాపురానికి ఇంకా చాలనంత చిన్న మొలకలోకి కూడా పనిచీమలు రోజూ దూరి వస్తుంటాయి. అక్కడ ఇల్లూ లేదు, పిల్లలూ లేరు, తిండీ లేదు. మరి ఎందుకు వెళ్తున్నాయని గమనిస్తే, అవి వెళ్ళేది నువ్వు కొట్టేసిన పనికే. మొలకకు అదే ఎరువు.